మనం చూడని పిల్లలు

 



హజ్రత్ ఉమర్ (రజి) పరిపాలనా కాలంలో ఒక వర్తక బృందం మదీనాకు వచ్చి విడిది చేసింది. ఆ రాత్రి వారికి ఖలీఫాయే స్వయంగా కాపలా కాశారు. ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. వెళ్ళి, బిడ్డను సముదాయించమని తల్లికి చెప్పి వచ్చారు. మళ్ళీ ఏడుపు. మళ్ళీ వెళ్ళారు. రాత్రి చివరి జామున మూడోసారి వెళ్ళి మందలించగా, ఎదుట ఉన్నది ఎవరో తెలియని ఆ తల్లి అసలు సంగతి చెప్పింది. పాలు మానిన పిల్లలకే ఉమర్ భృతి ఇస్తున్నారు గనుక, సమయం రాకముందే బిడ్డ చేత పాలు మాన్పిస్తున్నదట. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన దుఃఖం వల్ల పారాయణం వెనుకవారికి స్పష్టంగా వినబడలేదని ఉల్లేఖకులు చెబుతారు. పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి ఇవ్వాలని ఆనాడే ఆజ్ఞ వెలువడింది.

ఆ బిడ్డ ఏడ్చింది కనుక వినిపించింది. ఏడవని బిడ్డ మాటేమిటి?

నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను. చాలా ఏళ్ళ క్రితం తాడేపల్లిగూడెంలో పిల్లలకు ఖాయిదా చెప్పేవాణ్ణి. తొమ్మిదేళ్ళ పిల్లవాడొకడు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. వాణ్ణి గుమ్మం బయట నిలబెట్టేవాణ్ణి. ఒకనాడు చేతిమీద బొబ్బ చూసి అడిగితే, "అన్నం వారుస్తుంటే గంజి పడింది, హజ్రత్. అమ్మకు ఒంట్లో బాగోలేదు" అన్నాడు. జ్వరమేమో అనుకొని పాఠం కొనసాగించాను. నాలుగు నెలలకు వాడు రావడం మానేశాడు. అప్పుడు వెళ్ళాను.

తల్లి గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. సలాముకు జవాబు లేదు. తండ్రి చేపల లారీ నడుపుతూ పది రోజులకొకసారి ఇంటికి వచ్చేవాడు. వంటా, నీళ్ళూ, తల్లికి అన్నం తినిపించడమూ ఆ పసివాడి పనే. వాడు వారి కన్నబిడ్డ కూడా కాదు. కొల్లేటి లంకల్లో ఉండే బంధువుల బిడ్డ. తండ్రి పోతే రెండేళ్ళ వయసులో పెంపకానికి తెచ్చుకున్నారు. కాగితం లేదు, సాక్షి లేడు, ఆ తర్వాత వచ్చి చూసినవాడూ లేడు. "నన్ను తెచ్చుకున్నాకే అమ్మకు ఇలా అయిందట" అని వాడు నాతో అన్నాడు. ఆ మాట వాడి చెవిన వేసింది మన వాళ్ళే.

సోదరులారా! పెంచుకున్న బిడ్డను అతని కన్నతండ్రి పేరుతోనే పిలవాలని సూరహ్ అల్-అహ్‌జాబ్ ఆదేశిస్తుంది. హజ్రత్ జైద్ (రజి) తిరిగి హారిసా కుమారుడిగా పిలవబడింది అందుకే. ఈ ఆదేశాన్ని మనం బాగానే గుర్తుంచుకున్నాం. సూరహ్ అన్-నిసా ఆరవ ఆయత్‌ను మాత్రం మరచాం. అనాథకు ఆస్తి అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమంటుంది ఆ ఆయత్. లెక్క చూడటానికి అల్లాహ్ చాలు. అయినా మనుషుల సాక్ష్యం కోరాడు. సొమ్ముకే సాక్షి కావలసి ఉంటే, పసి ప్రాణానికి అక్కర లేదా?

సాక్షి లేనిచోట ఏమి జరుగుతుందో ఉమ్మడి రాష్ట్రం 1999లోనూ 2001లోనూ చూసింది. తండాల్లో పేద తల్లుల నుండి ఆడశిశువులను దళారులు కొని, తప్పుడు పత్రాలతో దత్తత పేరిట విదేశాలకు పంపిన వైనం బయటపడింది. పేదరికం కారణంగా బిడ్డను వదులుకొని అప్పగించడాన్ని 2001లో ప్రభుత్వం నిషేధించింది. నేడు చట్టప్రకారం దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టరు. ఆపైన రెండేళ్ళపాటు, ఆరు నెలలకొకసారి బిడ్డ యోగక్షేమాలపై నివేదిక రావాలి. ముస్లిములు కోరుకుంటే ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చునని, బలవంతమేమీ లేదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. కఫాలతే చాలుననుకునే వారికి 1890 నాటి సంరక్షకుల చట్టం ఉంది. కోర్టు ద్వారా సంరక్షకులు కావచ్చు. "మా చెల్లెలి బిడ్డే కదా, కాగితం దేనికి?" అంటారు. ఆ కాగితం మీ మీద అనుమానంతో కాదు. రేపు మీకు ఏదైనా అయితే బిడ్డ ఎవరి బాధ్యతో తెలియడానికి.

అయితే కాగితం గోడ వైపు తిరిగి కూర్చున్న తల్లిని చూడలేదు. రెండేళ్ళ నివేదికలు ముగిశాక, అయిదో ఏట జబ్బు రావచ్చు. కన్నబిడ్డల ఇళ్ళలోనైతే నివేదిక అన్నదే లేదు. 2020 డిసెంబరులో ఏలూరు వీధుల్లో వందలమంది మూర్ఛపోతే కొద్ది రోజుల్లోనే ఢిల్లీ ఎయిమ్స్ నుండి నిపుణులు వచ్చారు. మనసు జబ్బు వీధిలో పడిపోదు. తలుపు వేసుకొని లోపల ఉంటుంది. మనం దానిని గాలి అంటాం, సైతాను అంటాం, పరువు అంటాం.

మతిస్థిమితం తప్పిన ఒక స్త్రీ దైవప్రవక్త (స)తో, మీతో పని ఉందన్నది. ఏ వీధికి రమ్మంటే ఆ వీధికి వస్తానని, ఆమె మాట పూర్తయ్యే వరకు ఆయన (స) వెంట నిలిచారు. ఆమెను చూసి ఎవరూ నవ్వే వీలు లేకపోయింది. తెలివి తప్పినవారి కర్మల లెక్క రాయబడదని కూడా మనకు బోధించారు. అల్లాహ్ నిందించని వారిని నిందించడానికి మనమెవరం? దువా చేయండి, మందూ ఇప్పించండి. ఆ తల్లిని ఏలూరులో మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాం. కొన్ని నెలలకు తానే పొయ్యి వెలిగించింది. పిల్లవాడికి మాత్రం బడిలో ఒక ఏడాది పోయింది. ఇప్పుడతను పెద్దవాడయ్యాడు. గుమ్మం బయట నిలబెట్టినందుకు క్షమాపణ నేనింకా అడగలేదు.

బడికి రావడం మానిన బిడ్డ, చిన్నవయసులోనే వంట నేర్చిన బిడ్డ, తల్లి కువైట్ వెళితే ముసలివారి దగ్గర మిగిలిన బిడ్డ, కైకలూరు, ఆకివీడుల మధ్య చెరువు గట్ల మీది కాపలా గుడిసెల్లో పెరిగే బిడ్డ: వీరిలో ఎవరి పేరు మీకు తెలుసు? బిడ్డకు ఆపద ఉంటే 1098కి ఫోను చేయండి. మనసు జబ్బుకు సలహా కావాలంటే 14416కి. అది చాడీ కాదు, సాక్ష్యం.

ఈ రోజు నమాజు ముగిశాక నలుగురు పెద్దలు, ఇద్దరు యువకులు వరండాలో ఆగండి. స్త్రీలు ఉన్న ఇంటికి స్త్రీలే వెళ్ళాలి గనుక, మీ ఇళ్ళలో వారిని కూడా అడిగి రండి. మొదట ఆలస్యంగా వచ్చే మక్తబ్ పిల్లల ఇళ్ళకు వెళదాం. పేర్లు ఎవరూ పైకి చదవరు.