ఉత్తరం నుంచి ఇంటర్నెట్ దాకా: కంప్యూటర్లు మాట్లాడుకునే తీరు

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు ఇచ్చిన అంశం కంప్యూటర్ నెట్‌వర్క్‌లు, వాటి ద్వారా జరిగే సమాచార మార్పిడి. "ఇది పిల్లల వ్యవహారం, ఈ వయసులో మనకెందుకు?" అని కొందరికి అనిపించవచ్చు. కాని మన పెన్షను ప్రతి నెలా బ్యాంకు ఖాతాకు చేరేది ఈ దారినే. మనం బ్రతికే ఉన్నామన్న ధ్రువపత్రం వెళ్ళేదీ ఈ దారినే. మన కష్టార్జితాన్ని కాజేసే మోసగాడు వచ్చేదీ ఈ దారినే. దారి సంగతి తెలిసినవాడికి భయమూ తక్కువ, ప్రమాదమూ తక్కువ. అందుచేత ఓ అరగంట ఓపిక పట్టవలసిందిగా మనవి.

మనలో తపాలా, తంతి, టెలిఫోను శాఖలలో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. వారికి ఈ విషయంలో సగం ముందే తెలుసు. పేర్లు కొత్తవి, పద్ధతి పాతదే.

ట్రంకు కాల్, టెలిగ్రాం, పాకెట్

రెండు గాని, అంతకంటె ఎక్కువ గాని కంప్యూటర్లను సమాచారం ఇచ్చిపుచ్చుకునేలా కలిపితే అది నెట్‌వర్క్. ఒక ఆఫీసులోని కంప్యూటర్లను కలిపితే చిన్న నెట్‌వర్క్. అటువంటి వేలాది నెట్‌వర్క్‌లను ఒకదానితో ఒకటి కలిపితే ఇంటర్నెట్. దానికి ఒక యజమాని లేడు. అందరూ ఒప్పుకున్న నియమాలు మాత్రం ఉన్నాయి.

పాత రోజుల్లో ట్రంకు కాల్ కలిపితే, మాట్లాడినంతసేపూ ఆ లైను మన ఇద్దరిదే. మధ్యలో మాటలు ఆగినా ఇంకొకరికి ఆ లైను దొరకదు. టెలిగ్రాం పద్ధతి వేరు. మన కబురు ఒక ఆఫీసుకు చేరి, అక్కడ ఆగి, లైను ఖాళీ కాగానే తరువాతి ఆఫీసుకు వెళ్ళేది. లైను వృథా కాదు. కాని ఎవరైనా చాంతాడంత టెలిగ్రాం ఇస్తే, వెనక ఉన్న నాలుగు మాటల టెలిగ్రాం కూడా అంతసేపు ఆగవలసిందే.

ఈ ఇబ్బందికి 1960లలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఎవరికి వారే ఒకే ఉపాయం కనిపెట్టారు. కబురును చిన్న చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్క మీద చిరునామా, వరుస సంఖ్య వేసి, ఏ లైను ఖాళీగా ఉంటే దానిమీద పంపడం. ఆ ముక్కకు డేవిస్ పెట్టిన పేరే పాకెట్. ఈ పద్ధతి మీద అమెరికా రక్షణ శాఖ ఖర్చుతో ఆర్పానెట్ తయారయింది. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలిస్‌లోని విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి కబురు పంపారు. పంపదలచిన మాట "లాగిన్". మొదటి రెండు అక్షరాలు చేరగానే అవతలి యంత్రం ఆగిపోయింది. ఇంటర్నెట్ చరిత్ర అలా రెండక్షరాలతో మొదలయింది.

ఇప్పుడు మీ మనవరాలు అమెరికా నుంచి ఒక ఫొటో పంపిందనుకోండి. అది 30 లక్షల బైట్లు ఉంటే, ఒక్కో పాకెట్‌లో సుమారు 1500 బైట్ల చొప్పున దాదాపు 2000 ముక్కలవుతుంది. సముద్రం అడుగున వేసిన గాజు తీగల్లో వెలుగు రూపంలో అవి ప్రయాణిస్తాయి. గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. ముక్కలు అన్నీ ఒకే దారిన రావాలని లేదు. వెనకదే ముందుగా చేరవచ్చు. మీ ఫోను వాటిని వరుస సంఖ్య ప్రకారం పేర్చుకుంటుంది. చేరిన ముక్కలకు మన ఎ.డి. కార్డు మాదిరిగా "ముట్టినది" అని రసీదు వెళుతుంది. రసీదు రాకపోతే పంపిన యంత్రం ఆ ముక్కను మళ్ళీ పంపుతుంది. ఈ నియమావళినే టి.సి.పి./ఐ.పి. అంటారు. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ దీనికి పునాది వేసిన వ్యాసం 1974లో ప్రచురించారు. 1983 జనవరి 1 నుంచి ఆర్పానెట్ అంతా దీనికి మారింది.

పిన్ కోడు, 197

పాకెట్‌కు దారి ఎవరు చూపిస్తారు? రౌటర్ అనే యంత్రం. దీని పని అచ్చంగా ఆర్.ఎం.ఎస్. సార్టరు పనే. ఢిల్లీలోని సార్టరుకు సికిందరాబాదు వీధులు తెలియనక్కరలేదు. 1972లో వచ్చిన పిన్ కోడులో మొదటి అంకె 5 అని కనిపిస్తే, అది తెలుగు నాడో, కర్ణాటకమో అని తెలిసి ఆ సంచిలో వేస్తాడు. మిగతా అంకెలు ముందుకు వెళ్ళిన కొద్దీ పనికివస్తాయి. రౌటర్ కూడా చిరునామా ముందు భాగం చూసి తరువాతి మజిలీకి పంపుతుంది. చివరి ఇంటి దాకా దారి మొత్తం ఏ ఒక్క రౌటర్‌కూ తెలియదు.

కంప్యూటర్ చిరునామా అంకెలలో ఉంటుంది. పాత పద్ధతిలో సుమారు 430 కోట్ల చిరునామాలే సాధ్యం. అవి చాలకపోబట్టి ఇంకా పొడవైన కొత్త పద్ధతి వచ్చింది. ఆ అంకెలు మనుషులు గుర్తుపెట్టుకోలేరు గనుక పేర్లు పెట్టారు. పేరు చెబితే నంబరు చెప్పే వ్యవస్థ 1983లో వచ్చింది. దాన్ని డి.ఎన్.ఎస్. అంటారు. మనం 197కు ఫోను చేసి ఫలానా వారి నంబరు కావాలని అడగలేదూ? ఇదీ అంతే.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. ఆ పేరును కుడి నుంచి ఎడమకు చదవాలి. కవరు మీద చిరునామాను తపాలావారు కింది నుంచి, అంటే పిన్ కోడు నుంచి పైకి చదివినట్లు. చివర "డాట్ గవ్ డాట్ ఇన్" అని ఉంటే అది భారతదేశంలోని ప్రభుత్వ సంస్థది. ఆ పేరు ఇతరులకు ఇవ్వరు. "జీవన్ ప్రమాణ్ గవ్" అని ముందు పెట్టి, చివర ఇంకేదో తోక తగిలిస్తే అది ప్రభుత్వానిది కాదు. ఊరి పేరు కవరు మీద ఎక్కడో ఒక మూల రాసినంత మాత్రాన ఉత్తరం ఆ ఊరిది అయిపోదు కదా.

బ్యాంకులకు కూడా ఇటువంటి ఏర్పాటు వచ్చింది. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అనే చివరి పేరుకు మారాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది. ఆ పేర్లు నమోదు చేసే బాధ్యత మన హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి.కి అప్పగించింది. 1996లో రిజర్వు బ్యాంకు స్థాపించిన సంస్థ అది. బ్యాంకుల మధ్య సమాచారం నడిచే ఇన్ఫినెట్ అనే నెట్‌వర్క్ 1999లో వచ్చింది కూడా ఆ సంస్థ ద్వారానే.

ఇద్దరి దగ్గరా ఒకే పుస్తకం

శుభాకాంక్షల టెలిగ్రాం గుర్తుందా? పెళ్ళికి పూర్తి వాక్యం రాయనక్కరలేదు. ఒక అంకె వేస్తే చాలు. ఆ అంకెకు ఏ వాక్యమో చెప్పే పట్టిక అక్కడి ఆఫీసులోనూ ఉండేది కనుక, అందుకున్నవారికి పూర్తి వాక్యం చేరేది. ఇద్దరి దగ్గరా ఒకే పట్టిక ఉండడమే అసలు రహస్యం. కంప్యూటర్ కూడా అక్షరాన్ని పంపదు, అంకెనే పంపుతుంది.

తెలుగుకు ఈ పట్టిక చాలాకాలం కుదరలేదు. ఒక్కొక్క కంపెనీ ఫాంటుకు ఒక్కొక్క లెక్క. ఒకచోట టైపు చేసిన తెలుగు వేరేచోట తెరిస్తే పిచ్చి గీతలు కనబడేవి. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రపంచ భాషలన్నిటికీ ఒకే పట్టిక ఇచ్చింది. అందులో తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. "అ" సంఖ్య 3077, "క" సంఖ్య 3093. మీరు ఏ ఊళ్ళో ఏ ఫోనులో "అ" కొట్టినా వెళ్ళేది ఆ సంఖ్యే. అందుకే ఇవాళ అమలాపురం నుంచి పంపిన తెలుగు అట్లాంటాలో తెలుగుగానే కనబడుతోంది.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా 1995 ఆగస్టు 15న అందింది. టెలిగ్రాం 2013 జులైలో సెలవు తీసుకుంది.

పంపినవారు ఎవరు?

ఇక అసలు విషయానికి వస్తున్నాను. ఉత్తరం మీద "నుంచి" అన్నచోట ఎవరి పేరు రాసినా తపాలా శాఖ పరీక్షించదు. "కు" అన్నచోట ఉన్నవారికి బట్వాడా చేయడం దాని పని. నెట్‌వర్క్ కూడా మోసేదే గాని సాక్షి సంతకం పెట్టేది కాదు. ఈ-మెయిల్‌లో పంపినవారి పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో బ్యాంకు బొమ్మో, పోలీసు టోపీ బొమ్మో పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఫోనులో కనబడే పేరు కూడా అంతే. "మా వివరాలన్నీ చెప్పాడండీ, నిజమైనవాడే అనుకున్నాను" అని నష్టపోయినవారు అంటూంటారు. వివరాలు తెలిసి ఉండడం వేరు, అధికారం ఉండడం వేరు.

వెబ్‌సైటు పేరు పక్కన కనిపించే తాళం గుర్తు సంగతి కూడా చెప్పాలి. మన ఫోనుకూ ఆ సైటుకూ మధ్య సమాచారం రహస్య లిపిలో నడుస్తోందని మాత్రమే దాని అర్థం. దారిలో ఎవరూ చదవలేరు. అవతలివాడు మంచివాడని అది చెప్పదు. దొంగ కూడా తన దుకాణానికి తాళం వేసుకోగలడు. పైగా కొన్ని బ్రౌజర్లు ఆ గుర్తునే మార్చేశాయి. కనుక తాళం కంటె చివరి పేరు చూడడం ముఖ్యం.

మరి బ్యాంకు కంప్యూటర్ మనల్ని ఎలా గుర్తుపడుతుంది? కౌంటరు గుమాస్తా మాదిరి అది మన ముఖం చూడలేదు. మనకు మాత్రమే తెలిసిన రహస్యాన్ని అడుగుతుంది. అదే పిన్, ఓ.టి.పి. ఆ అంకెలు ఎవరు చెబితే వారే ఖాతాదారు అని దాని లెక్క. కనుక ఓ.టి.పి. చెప్పడమంటే విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం చేసి, అంకెలు వేయకుండా ఇచ్చేయడమే. తెలియనివారు పంపిన "ఎ.పి.కె." ఫైలు, అది పెళ్ళి శుభలేఖ పేరుతో వచ్చినా, పెన్షను ఫారం పేరుతో వచ్చినా, ముట్టుకోవద్దు. అది ఫోనులో చేరి అనుమతులు సంపాదిస్తే, వచ్చిన ఓ.టి.పి.ని మీరు చదవకముందే అవతలివాడికి చేరవేయగలదు.

లైఫ్ సర్టిఫికెట్ ప్రయాణం

జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో వచ్చింది. మన వేలిముద్ర, లేదా 2021 నుంచి మన ముఖం, రహస్య లిపిలో ఆధార్ సంస్థకు వెళుతుంది. సరిపోయిందో లేదో అక్కడి నుంచి జవాబు వస్తుంది. సరిపోతే ధ్రువపత్రం తయారై, దానికొక ప్రమాణ్ నంబరు పడుతుంది. పెన్షను ఇచ్చే బ్యాంకు గాని, ఆఫీసు గాని ఆ పత్రాన్ని అక్కడి నుంచి తీసుకుంటుంది.

ఇందులో రెండు మెట్లున్నాయని గమనించండి. నంబరు పడడం మొదటి మెట్టు. పెన్షను ఆఫీసు దాన్ని ఆమోదించడం రెండవది. పి.పి.ఓ. నంబరో, ఖాతా నంబరో తప్పుపడితే మొదటి మెట్టు దాటినా రెండవ మెట్టు దగ్గర పత్రం తిరస్కరించబడవచ్చు. అందుచేత నంబరు రాగానే నిశ్చింతగా ఉండకుండా, ఆమోదం అయిందీ లేనిదీ చూసుకోవాలి. మంచం పట్టినవారికి, కదలలేనివారికి పోస్టుమాన్ ఇంటికే వచ్చి ఈ పని చేసే సదుపాయం 2020 నుంచి ఉంది.

ఈ పని కోసం ఓ.టి.పి. చెప్పమని ఎవరైనా ఫోను చేస్తే, "మీ పెన్షను ఆగిపోతుంది" అని భయపెడితే, ఫోను పెట్టేయండి. గడువు తేదీ మీ బ్యాంకుకు, మీ పెన్షను ఆఫీసుకు తెలుసు. మీరే వారిని అడగండి.

గుర్తుంచుకోవలసినవి

1. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. యు.పి.ఐ.లో పిన్ కొట్టామంటే మన డబ్బు బయటకు వెళుతున్నట్లే.

2. "డిజిటల్ అరెస్ట్" అనేది మన చట్టంలో లేదు. వీడియోలో యూనిఫారం చూసి బెదరవద్దు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియో ప్రసంగంలో ఈ మాటే చెప్పారు.

3. వారు ఇచ్చిన నంబరుకు మనం ఫోను చేయకూడదు. పాస్‌బుక్ మీదా, ఏ.టి.ఎం. కార్డు వెనకా ఉన్న నంబరుకే చేయాలి.

4. డబ్బు పోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930కి ఫోను చేయాలి. డబ్బు కూడా పాకెట్ల మాదిరే ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పరుగులు తీస్తుంది. ఎంత త్వరగా చెబితే అంత దగ్గరలో ఆపే అవకాశం ఉంటుంది.

ఇంట్లోని పిల్లలకు ఒక మనవి. తాతగారు, అమ్మమ్మగారు ఒకే సంగతి మూడుసార్లు అడిగితే విసుక్కోకండి. విసుక్కుంటే వాళ్ళు మిమ్మల్ని అడగడం మానేస్తారు. అప్పుడు ఓపికగా చెప్పేవాడు మోసగాడు ఒక్కడే మిగులుతాడు.

మన సంఘానికి ఒక సూచన. ప్రతి సంవత్సరం లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో, తెలిసిన నలుగురు సభ్యులు వారానికి రెండు పూటలు సంఘ కార్యాలయంలో కూర్చుంటే, తెలియనివారికి నెట్ సెంటర్ల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. ఫోను సభ్యుల చేతిలోనే ఉండాలి, వేలు వారిదే కావాలి, మనం పక్కన కూర్చుని చెప్పాలి. కార్యవర్గం ఈ విషయం ఆలోచించవలసిందిగా కోరుతున్నాను.