చంపని శరణాలయము



జనమేజయమహారాజు యాగము చేయుచుండగా దేవశునియైన సరమ కొడుకు ఆ యాగశాలకడ నాడుకొనుచుండెను. రాజు తమ్ములు దానిని కారణము లేకయే కొట్టిరి. అది యేడ్చుచు తల్లికడకు బోయెను. సరమ వచ్చి రాజు నెదుట నిలిచి, నా బిడ్డ మీకేమి కీడు చేసెనని యడిగెను. సభలో నెవ్వరును బదులు పలుకలేదు. నన్నయభట్టు తెనిగించిన యాదిపర్వము విన్న పెద్దల కీ కథ క్రొత్తది కాదు. భారతమున మొదట నొక కుక్క వచ్చి న్యాయ మడిగినది. కడపట మహాప్రస్థానమున నొక కుక్క ధర్మరాజు వెంట నడచినది. దానిని విడిచి స్వర్గమునకు రానని యాయన యింద్రునితో తెగవేసి చెప్పెను.

నేను పురాణము చెప్పుటకు రాలేదు. సరమ యడిగిన ప్రశ్నయే మన సిద్దిపేట జిల్లాలో మరల పుట్టినది గావున దానిని జ్ఞప్తికి దెచ్చితిని.

2022వ సంవత్సరము మార్చినెలలో జగదేవపూర్ మండలములోని తిగుల్ గ్రామమున సుమారు నూఱు కుక్కలను విషము పెట్టి చంపిరని పత్రికలలో వచ్చినది. జంతుసంక్షేమమును గోరువారు ఫిర్యాదు చేసిరి. అందెవరి తప్పెంతయో తీర్పు చెప్పుట నా పని కాదు. 2024 ఫిబ్రవరిలో మహబూబునగరు జిల్లా పొన్నకల్ గ్రామమునకు ముసుగులు ధరించినవారు రాత్రివేళ కారులో వచ్చి, సుమారు ఇరువది కుక్కలను తుపాకులతో కాల్చి చంపిరి. ఈ రెండూళ్ల పేరులను అంతకుముందు వినని వారును ఆ వార్తలవలన వినిరి. ఒక గ్రామమునకు పేరు వచ్చుటకు ఇది మంచి త్రోవ కాదు.

అయినను, కుక్కలయెడ దయ చూపుడని బోధించువారిలో కొందఱు పల్లెవారి భయమును తేలికగా జూతురు. అది నాకు సమ్మతము కాదు. బడికి బోవు పసివాని కాలు కుక్క నోటబడిన యింటివారితో దయను గూర్చి ముచ్చటించుట సులభమా? పిచ్చికుక్క రోగము, అనగా వైద్యులు రేబీస్ అను వ్యాధి, లక్షణములు పైకి కనబడిన పిదప దాదాపు మరణమే. మన దేశమున ఏటేట వేలకొలది జనులు దానిచే చనిపోవుచున్నారు. వారిలో పిల్లలు పెక్కుమంది. కావున ముందుగా నీ యొక్క మాట వినుడు. కుక్క కఱచిన వెంటనే గాయమును ధారగా కాఱు నీటితోను సబ్బుతోను పదునైదు నిమిషములు కడుగవలయును. పసుపు, కారము, సున్నము పూయరాదు. ఆ దినముననే ఆసుపత్రికి బోయి టీకా మొదలుపెట్టి, వైద్యులు చెప్పిన దినములలో తప్పక అన్నియు పూర్తిచేయవలయును. గాయము లోతైనదైన యెడల దానిచుట్టు వేయు వేఱొక మందుకూడ గలదు. దానిని అడిగి వేయించుకొనుడు. మూడవ సూదికే నయమైనదని మానువారు గలరు. రోగము వారి తొందరను చూచి జాలిపడదు.

ఇక చంపినచో కుక్కలు తగ్గునా? ఈ పరీక్ష మన ప్రక్కనే ఒక గొప్ప పట్టణమున నూఱేండ్లకు పైగా జరిగినది. మద్రాసు నగరములో 1860 ప్రాంతమునుండి వీథికుక్కలను పట్టి చంపుచుండిరి. తుదినాళ్లలో దినమునకు నూటికి మించి చంపినను వీథులలో కుక్కలు తఱుగలేదు. 1959లో కెప్టెన్ సుందరము గారు అచ్చట స్థాపించిన బ్లూక్రాస్ సంఘమువారు, చంపుట మాని సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయుడని యేండ్ల తరబడి మొఱపెట్టుకొనిరి. 1996లో నగరపాలకులు ఆ మార్గమునకు వచ్చిరి. చిత్రమేమనగా, 1860లోనే లండనునగరమున మేరీ టీల్బీ యను నామె తప్పిపోయిన కుక్కలకు ఆశ్రయము నెలకొల్పెను. అదియే నేటి బాటర్సీ కుక్కల గృహము. ఒకే యేట ఒకచోట కత్తి, ఒకచోట గంజి!

చంపినను తగ్గకుండుటకు కారణము గహనమైనది కాదు. ఊరికుక్క తన వీథిని కాచుకొనును. పరాయి కుక్కను రానీయదు. ఆ వీథిలోని వానిని చంపితిమా, ఖాళీయైన చోటికి పొరుగూరి కుక్కలు వచ్చి చేరును. వచ్చినవి మన మనుష్యుల నెఱుగవు, టీకా వేసికొన్నవియు కావు. తిండి మిగిలియున్నంతవఱకు కుక్కలు మిగిలియే యుండును.

తిండి యెక్కడిది? పెద్దలు తమ చిన్ననాటిని తలచుకొనుడు. ఊరిబయట పశువు చచ్చిన ఆకసమునుండి రాబందులు దిగి, ఒక్క పూటలో ఎముకలు తెల్లబడునట్లు తినిపోవుచుండెను. నేడు రాబందును చూచిన బాలుడు మన జిల్లాలో గలడా? పశువులకు నొప్పి తగ్గుటకై వేసిన డైక్లోఫెనాక్ అను మందు, ఆ పశువుల కళేబరములు తిన్న రాబందుల మూత్రపిండములను చెఱచెను. అవి నూటికి తొంబదికి మించి నశించిన పిదప, 2006లో ఆ మందును పశువులకు వాడరాదని ప్రభుత్వము నిషేధించినది. రాబందులు తినవలసినది కుక్కల పాలైనది. దానికి తోడు నేడు ప్రతి యూరి మూలమలుపునను కోడిమాంసపు దుకాణము వెలసినది; ప్రేగులు, ఈకలు సంచిలో కట్టి చెఱువుకట్టక్రింద పాఱవేయుదురు. మాంసపు రుచి మరగి గుంపుకట్టిన కుక్కలే గొఱ్ఱెపిల్లలమీద పడునవి. ఆ సంచిని గోతిలో పూడ్చిపెట్టుమని దుకాణదారుని కట్టడిచేయుట సర్పంచునకు విషపుసూది కొనుటకంటె చౌక.

చట్టమేమనుచున్నది? జంతుహింసానివారణ చట్టము 1960లో వచ్చినది. దానికై రాజ్యసభలో మొదట పాటుపడినది నర్తకియైన రుక్మిణీదేవి అరండేలు గారు. పెంచిన జంతువు ఆకలిదప్పులకు లోనగునట్లు కారణము లేక విడిచిపెట్టుటయు ఆ చట్టము ననుసరించి నేరమే. అయితే మొదటి తప్పునకు జరిమానా ఏబది రూపాయలకు మించదు. దానికి భయపడువా రెవరు? చంపుట వేఱు సంగతి. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత 325వ విభాగము ప్రకారము జంతువును చంపినవారికి ఐదేండ్ల వఱకు కారాగారశిక్ష పడవచ్చును. 2023 మార్చిలో వెలువడిన జంతుజనన నియంత్రణ నియమములు, వీథికుక్కలకు శస్త్రచికిత్సయు టీకాయు చేయించు బాధ్యతను పట్టణసభలమీదనే గాక గ్రామపంచాయతీలమీదను ఉంచినవి. చికిత్సయైన కుక్కను పట్టినచోటనే విడువవలయును. చెవి కొసను కొంచెము కత్తిరించి గుర్తు పెట్టుదురు. ఆ గుర్తున్న కుక్కను చూచిన, ఇది మందు వేయించుకొన్నదని తెలిసికొనవచ్చును.

2025లో ఢిల్లీ కుక్కలను గూర్చి సర్వోన్నతన్యాయస్థానమున పెద్ద వివాదము నడచెను. ఆగస్టు 11న ఇద్దఱు న్యాయమూర్తులు కుక్కలనన్నింటిని పట్టి శరణాలయములలో నుంచుడనిరి. 22న ముగ్గురు న్యాయమూర్తులు దానిని సవరించి, చికిత్సయు టీకాయు చేసి తిరిగి విడువుడనిరి. పిచ్చిపట్టినవానిని, క్రూరముగ మీదబడువానిని మాత్రము విడువవలదనిరి. నవంబరులో మరల, బడులు, ఆసుపత్రులు, బస్సు నిలయములు మొదలగు చోట్లనుండి కుక్కలను తీసి శరణాలయములకు చేర్పుడనియు, తిరిగి అచ్చట విడువరాదనియు ఉత్తరువిచ్చిరి. ఉత్తరువు వ్రాయుట యొకటి, శరణాలయము కట్టుట యొకటి. కట్టినను తిండి పెట్టువాడెవడు?

మన దేశమునకు శరణాలయము క్రొత్త విద్య కాదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీద అశోకుడు చెక్కించిన శాసనములలో, మనుష్యులకును పశువులకును చికిత్స యేర్పఱచినట్లున్నది. 1580 ప్రాంతమున వచ్చిన రాల్ఫ్ ఫిచ్ అను ఆంగ్లవర్తకుడు గుజరాతులోని కాంబే పట్టణమున కుంటికుక్కలకు, పిల్లులకు, పక్షులకు వైద్యశాలలున్నవని వ్రాసికొనెను. 1832లో బొంబాయిలో ప్రభుత్వభటులు వీథికుక్కలను చంపుచుండగా పారసీకులు తిరుగబడి అంగళ్లు మూసిరి. హిందువులును వారితో కలిసిరి. రెండేండ్లకు, 1834లో, జంషెట్జీ జీజీభాయి, మోతీచందు అమీచందు మొదలగు ధనికులు అచ్చట పింజ్రాపోలు స్థాపించిరి. దిక్కులేని జంతువులకది యిల్లు. అల్లరితో మొదలైన సంగతి ధర్మకార్యముగ పరిణమించినది. నిజమునకు ధనవంతుని సిగ్గు నిట్లు మేలుకొలిపిన అల్లరులు చరిత్రలో తక్కువ.

మన తెలుగునాట 1992లో అక్కినేని అమల గారు హైదరాబాదులో బ్లూక్రాస్ సంస్థను నెలకొల్పిరి. 1996లో విశాఖపట్టణమున జంతుసంరక్షణసంఘ మొకటి పుట్టినది. చంపరాదన్నదే దాని నియమము. ఈ నియమమున కర్థమేమనగా, చోటు చాలదనియో, ఎవరును తీసికొనిపోలేదనియో ఆరోగ్యముగనున్న జంతువును చంపరు. నయము కాని బాధతో తన్నుకొనుచున్నదానికి మాత్రము వైద్యుడు శాంతముగ ప్రాణము విడిపించును.

ఇక్కడ ఒక చిక్కు గలదు. చంపని శరణాలయమునకు తలుపు ఎల్లప్పుడు తెఱచియుండదు. గొఱ్ఱెలదొడ్డిలో ఇన్నియే పట్టునని మీకు చెప్పనక్కరలేదు. లోపలిది బయటికి పోయిననే బయటిది లోపలికి వచ్చును. కుక్క నప్పగించుటకు వచ్చినవానితో "చోటు లేదు, కొన్నాళ్లు ఓపికపట్టు"మని చెప్పిన, వాడు కోపముతో దానిని గేటుముందు కట్టి పోవును. మఱికొందఱు గోనెసంచిలో వేసి పొరుగూరి పొలిమేరలో వదలుదురు. ఇంటికుక్క వీథికుక్కవలె బ్రదుకు నేర్వలేదు. ఆ యూరి కుక్కలు దానిని చీల్చును. అప్పగించుట వేఱు, పాఱవేయుట వేఱు.

పెంచినవాడు విడువవలసిన దినమును వచ్చును. కొడుకు హైదరాబాదునకు రమ్మనును. అద్దెయింటివాడు కుక్క వద్దనును. ఒంటరి ముసలితల్లి మంచమెక్కును. మల్లన్నసాగరమున ఊళ్లకూళ్లే లేచిపోయిన జిల్లా మనది. ఇల్లు విడుచుట యెట్టిదో మనకు పరాయివారు చెప్పనక్కరలేదు. అట్టి దినమున మొదట చుట్టములలో, పొలముకాపు కావలసినవారిలో, గొల్లకురుమలలో అడుగుడు. మందకాపరికి మంచి కుక్క చేదు కాదు. కుక్క యెఱిగిన మనిషియే దానికి మేటి శరణాలయము. అట్లు కుదరనిచో శరణాలయమునకు ముందుగా వర్తమానమంపి, టీకాల చీటి తీసికొని, దాని గుణములు దాచక చెప్పి అప్పగించుడు. కఱచు కుక్కను సాధువని చెప్పి పంపినవాడు ఇంకొకరి బిడ్డను అపాయములో వేయుచున్నాడు.

తెచ్చుకొనదలచినవారికి రెండు మాటలు. విలాయతి జాతుల కుక్కను వేలు పోసి కొనుటకంటె ఊరి పిల్లను తెచ్చుకొనుట మేలు. మన యెండలకది పుట్టినది, మన అన్నము దానికి సరిపడును. 2025 ఆగస్టులో హైదరాబాదు నగరపాలకులు ఊరికుక్క పిల్లలను ఉచితముగ దత్తతకిచ్చు ఏర్పాటు చేసిరి. దత్తత అను మాట తేలికది కాదు. కుక్క పది పండ్రెండేండ్లు బ్రదుకును. కావున శరణాలయమువారు నీ యింట ఎవరున్నారు, పగలు దానిని చూచువారెవరు అని ప్రశ్నలడిగిన విసుగుకొనకుడు. పిల్లనిచ్చువారు అడుగరా? తల్లిపాలు మానక మునుపు, అనగా రెండు నెలలు నిండక మునుపు, పిల్లను తేవలదు. మూడవ నెలలో టీకా వేయింపుడు. ఏటేట మరల వేయింపుడు. ఊరిలోని నూఱు కుక్కలలో డెబ్బదింటికి టీకా పడిన పిచ్చిరోగము వ్యాపింపజాలదని వైద్యశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నూఱు చంపుట కంటె డెబ్బదింటికి సూది వేయుట తక్కువ పని.

పిచ్చిపట్టెనని అనుమానమున్న కుక్కను కఱ్ఱలతో తఱుమకుడు. దానిని వేఱుగ బంధించి పశువైద్యునికి కబురుపెట్టుడు. నిజముగ రోగమున్నచో అది సాధారణముగ పది దినములలోపల చచ్చును.

కొమురవెల్లి మల్లన్నయు, మహారాష్ట్రులు కొలుచు ఖండోబాయు ఒక్కడే యని పెద్దలు చెప్పుదురు. ఆ ఖండోబా పటములో గుఱ్ఱము ప్రక్కన కుక్క యుండును. దేవుని పటమునకు దండము పెట్టి వాకిటి కుక్కకు విషము పెట్టుట యెట్టి భక్తియో నాకు బోధపడదు.

ఒక పంచాయతీ తానొక్కటే శస్త్రచికిత్సకు ఏర్పాటు చేయలేకపోవచ్చును. నాలుగైదూళ్లు కలిసి తీర్మానము చేసి, మండల పశువైద్యుని ద్వారా జిల్లా అధికారులకు పంపుకొనవచ్చును. కాలమును మాత్రము చూచుకొనుడు. ఊరికుక్కలు వానకాలము చివర జతకట్టును, రెండు నెలలకు, చలికాలమున, పిల్లలు పుట్టును, ఈతకు నాలుగైదు. చూలుతోనున్నదానికి, పాలిచ్చుదానికి కత్తి పెట్టరాదు. కావున గ్రామసభలో నీ మాట యెత్తదలచినవారు ఆషాఢమునకు ముందే యెత్తవలయును. కార్తికము వచ్చుసరికి గడ్డివాములక్రింద పిల్లలు కన్నులు తెఱచియుండును.