ఇల్లు విడుచునప్పటి గృహశుద్ధి

 

గృహప్రవేశమునకు ముహూర్తము అడుగుటకు మా యొద్దకు వచ్చువారు ఎల్లప్పుడును కలరు. ఇటీవల మరియొక ప్రశ్నతో వచ్చువారును ఎక్కువైనారు. "శాస్త్రిగారూ, నాన్నగారు కట్టించిన ఇల్లు అమ్మదలచినాము. కొనువారు చూడవచ్చుచున్నారు. ఇంటినిండ సామాను. ఏది ఉంచవలెను? ఏది తీసివేయవలెను? దేవతార్చన పెట్టెను ఏమి చేయవలెను?" అని అడుగుచున్నారు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో స్థిరపడినవారు. వారికి దొరకునది పదిదినముల సెలవు. ఆ పదిదినములలో అరువది సంవత్సరముల సంసారమును వాకిటిలోనికి లాగి, కనబడినదానిని కనబడినట్లు పాతసామానుల బండికి ఎత్తించి పోవుచున్నారు. ఇంటిలో చేరుటకు విధి యున్నప్పుడు, ఇంటిని విడుచుటకును ఒక పద్ధతి ఉండవలెను గదా! దానిని ఈనాడు విచారింతము.

ముందుగా, ఇంత సామాను ఎట్లు చేరినది? మన మండువా లోగిళ్లలో అటక యొకటి ఉండును. విరిగిన కుర్చీ, అడుగు పోయిన గంగాళము, పిల్లల ఉయ్యాలచెక్క, పెండ్లినాటి కావిడిపెట్టె, అన్నియు "ఎప్పటికైనను పనికివచ్చును" అను ఒక్కమాటతో అటక ఎక్కును. ఎక్కినది దిగదు. మనుధర్మశాస్త్రము గృహస్థులను వారి నిలువలను బట్టి నాలుగు విధములుగా చెప్పినది. గాదెనిండ ధాన్యము కలవాడు ఒకడు, కుండనిండ కలవాడు ఒకడు, మూడుదినములకు మాత్రము చాలునంత కలవాడు ఒకడు, రేపటికని ఏమియు దాచనివాడు ఒకడు. వీరిలో ఒకరికంటె తరువాతివారు శ్రేష్ఠులని నిర్ణయము. మనము నాలుగవవానివలె జీవింపజాలము, నిజమే. కాని ఆ నలుగురిలో ఎవ్వడును పనికిరానిదానిని దాచినట్లు చెప్పబడలేదు. గాదెలోనిది అన్నమగును. అటకమీదిది ఏమగును? పతంజలి మహర్షి యమములు ఐదింటిలో చివరిదిగా అపరిగ్రహమును, నియమములు ఐదింటిలో మొదటిదిగా శౌచమును చెప్పినాడు. అవి ఇరుగుపొరుగు ధర్మములు. కూడబెట్టుట తగ్గినగాని ఇంటికి శుద్ధి రాదు.

ఇక క్రమమును చెప్పెదము. అన్నింటికంటె ముందు, ఆ ఇంటి పెద్ద దిక్కు జీవించియున్నచో ఆమె అనుమతి కావలెను. తండ్రి గతించిన యిండ్లలో తరచుగా మిగిలియుండునది తల్లి. కుమారులు, కోడండ్రు ఆమె యెదుటనే ఆమె వస్తువులను "చెత్త" అనుచుందురు. ఆ మాట అనరాదు. ఆమె పుట్టింటినుండి తెచ్చుకొన్న ఇత్తడిబిందె, మరచెంబు, ఆవకాయ జాడీ ఆమె స్త్రీధనము. స్త్రీధనముపై పూర్తి అధికారము ఆమెదేనని మన స్మృతులను అనుసరించియే కాక 1956 నాటి హిందూ వారసత్వ చట్టము చేతను స్పష్టము. పుత్రుడైనను అడుగక తీయరాదు. ఆమెను ఒక పీటపై కూర్చుండబెట్టి, ఒక్కొక్క వస్తువును చేతికిచ్చి, "అమ్మా, ఇది ఎవరికి ఇమ్మందువు?" అని అడుగుడు. కొంత ఆలస్యమగును, కానిండు. ఆ బిందె కథ ఆమె చెప్పునప్పుడు వినుట మాతృసేవయే. చెప్పిన పిమ్మట చాలవరకు ఆమెయే విడిచిపెట్టును. అడుగక లాగినది మాత్రము ఆమె ప్రాణమున్నంతవరకు మనస్సులో ముల్లువలె నిలుచును.

రెండవది పరస్వము, అనగా ఇతరుల సొత్తు. ప్రతి పాత ఇంటిలోను ఎరవు తెచ్చిన పుస్తకములు, గ్రంథాలయము ముద్రగల గ్రంథములు, పెండ్లిలో మారిపోయిన పళ్లెములు, ఎవరో దాచుమని ఇచ్చిన మూట ఉండును. దాచుమని ఇచ్చిన సొత్తును ధర్మశాస్త్రము నిక్షేపమను పేరుతో ప్రత్యేక వివాదపదముగా లెక్కించినది. ఇచ్చినవారు లేకున్నచో వారి బిడ్డలను వెదకి ముట్టజెప్పవలెను. మన సామానును పంచుకొనుటకు ముందు పరుల సామాను గడప దాటవలెను.

మూడవది కాగితములు. ఒక్క కాగితమునైనను చదువక చింపరాదు. ఇంటి దస్తావేజు, దానికి పూర్వపు లింకు దస్తావేజులు, భాగపరిష్కార పత్రములు, పన్ను రసీదులు ట్రంకుపెట్టెల అడుగున పాత పంచాంగముల నడుమ ఉండును. అవి లేనిదే అమ్మకము సాగదు. పాత బ్యాంకు పాసుపుస్తకము దొరకినచో దానిని పారవేయకుడు. పదేండ్లు ఎవరును కదపని ఖాతాలోని సొమ్ము 2014లో ఏర్పడిన రిజర్వు బ్యాంకు వారి నిధికి చేరును. అట్లు చేరినను వారసులు తమ బ్యాంకును అడిగి దానిని పొందవచ్చును.

ఈ సందర్భముననే ఒక మాట. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో కూతుండ్రకును కుమారులతో సమానమైన హక్కు కలదని 2005 నాటి సవరణ చెప్పినది. ఆనాటికి తండ్రి జీవించియుండవలెనన్న నియమము లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినది. కావున ఆడుబిడ్డను పిలువక అటక దింపకుడు. సంతకము కొరకు మాత్రమే పిలిచినచో, ఆమె సంతకము పెట్టిపోవును గాని మరల పుట్టిల్లు అను మాట పలుకదు.

నాలుగవది దేవతార్చన. సాలగ్రామమునకు వెల కట్టరాదు. నిత్యము అభిషేకము, నైవేద్యము జరుపగలవారికి సమర్పింపవలెను. తీయుటకు ముందు శక్తికొలది పూజచేసి, ఇన్నాళ్లు ఈ యింట ఉన్నందుకు నమస్కరించి, ఉద్వాసన చెప్పవలెను. విగ్రహములను ఆలయమునకు ఇయ్యదలచినచో అర్చకుని ముందుగా అడుగవలెను. చెప్పక మంటపములో పెట్టిపోవుట దానము కాదు, బరువు దించుకొనుట. పగిలిన దేవుని పటములను రావిచెట్టు మొదట వదలిపోవుచున్నారు. ఎండకు ఎండి, వానకు తడిసి, మేకలు త్రొక్కు ఆ పటములను చూచినప్పుడు మాకు కంట నీరు తిరుగును. అద్దమును, చట్రమును వేరుచేసి, పటమును భక్తితో అగ్నికి గాని మట్టికి గాని అప్పగించుట మేలు. నూరేండ్లు దాటిన లోహ, శిలా విగ్రహములకు 1972 నాటి పురావస్తు చట్టము వర్తించును. విదేశములకు ముచ్చటగా తీసికొనిపోవుట నేరమగునని పిల్లలు ఎరుగవలెను.

ఐదవది తాళపత్రములు. వైదికుల ఇండ్లలోను, వైద్యుల ఇండ్లలోను ఇవి నేటికిని దొరకుచున్నవి. పుష్కరములలో గోదావరికి సమర్పించుట పుణ్యమని తలచి ఎన్ని కట్టలను మనవారు నీటిపాలు చేసినారో! సరస్వతిని గంగలో కలుపుట ఏ శాస్త్రములోను విధింపబడలేదు. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చి వ్రాతప్రతులను సేకరింపజేసి, శుద్ధప్రతులు వ్రాయించుటచేతనే మన కావ్యములు అనేకము నిలిచినవి. వేమన పద్యములను ఆయన 1829లో అచ్చువేయించినాడు. పరదేశీయుడు వెదకి కాపాడినదానిని ఇంటివారమైన మనము పారవేయుట తగునా? దొరకిన కట్టను నీటితో కడుగకుడు, దారమును తెంపకుడు, ఆకుల వరుసను మార్చకుడు. పొడి గుడ్డలో చుట్టి తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థకో, హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయమునకో తెలియజేయుడు. చదువలేనంత మాత్రమున అది చెత్త కాదు.

ఆరవది దానము. మిగిలినవానిలో పనికివచ్చునది పరులకు ఇయ్యవలెను. ఇచ్చట కఠోపనిషత్తులోని వాజశ్రవసుని తలచుకొనుడు. సర్వస్వమును దానము చేయు యాగములో ఆయన ఇచ్చిన గోవులు పాలు వట్టిపోయినవి, ఈనజాలనివి. చిన్నవాడైన నచికేతుని హృదయమున అందుకే శ్రద్ధ ప్రవేశించి ప్రశ్నగా మారినది. మన అటక దానములు ఏ విధమైనవి? చినిగిన దుప్పటి, గడువు తీరిన మందులు, తిరుగని పంకా అనాథశరణాలయమునకు పంపి, రసీదు కూడ అడుగువారు కలరు. మన బిడ్డకు కప్పజాలని దుప్పటిని పరుల బిడ్డకు పంపరాదు. ఉతికి, అతికి, బాగుచేసి ఇచ్చినదే దానము. మందులను మాత్రము ఎవరికిని ఇయ్యవలదు. రోలు, తిరగలి, సన్నికల్లు వంటివానిని విసరివేయక, వాడుకొనువారిని వెదకుడు. సన్నికల్లుపై ఆ యింటి కోడలి పాదము నుంచి వివాహము జరిగినది గదా!

అటుపై మిగిలినది నిజముగా వ్యర్థము. దానిని సంకోచము లేక తీసివేయుడు. పనికిరానిదానిపై మమకారమును ధర్మమని పిలుచుట కూడ సరికాదు. పాత బ్యాటరీలను, రేడియోలను కాల్చక, వాటిని తీసికొనువారికే అప్పగింపుడు.

ఇల్లు ఖాళీ యగునప్పటికి గోడలు కనబడును. ఇన్నాళ్లు బీరువా చాటున దాగిన చెమ్మ, పటము వెనుకనున్న బీట, దూలమున చేరిన చెదలు బయటపడును. అప్పుడు ఒక పరీక్ష. సున్నము కొట్టి కప్పివేయుదుమా, కొనువానికి చెప్పుదుమా? సులభముగా కనబడని ముఖ్యమైన లోపమును అమ్మువాడు తెలిసియుండి దాచరాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెప్పుచున్నది. ధర్మము అంతకంటె ముందే చెప్పినది. బావి వేసవిలో ఎండునని, పడమటి గది కురియునని చెప్పి, దానికి తగినట్లు వెల తగ్గించుకొనుడు. మన సామానుతోపాటు మన అసత్యము కూడ ఆ యింట మిగులరాదు. అచ్చట రేపు మరియొకరి పిల్లలు నిద్రింపవలెను.

యాజ్ఞవల్క్య మహర్షి ఇల్లు విడువదలచినప్పుడు, తనకున్నదానిని మైత్రేయీ కాత్యాయనులకు తానే పంచిపెట్టుటకు పూనుకొన్నాడు. వెనుకటివారు తగవులాడుకొందురుగాక అని పోలేదు. ఇచ్చట కూర్చున్న పెద్దలకు మా విన్నపము అదియే. బిడ్డల పదిదినముల సెలవు కొరకు వేచియుండకుడు. కాళ్లుచేతులు ఆడుచున్నప్పుడే, ప్రతి ఏకాదశినాడు ఒక్క పెట్టె దింపుడు. ఎరవు తెచ్చినది ఎవరిదో, దస్తావేజు ఎచ్చటనున్నదో, బిందె ఏ మనుమరాలికో ఒక పుస్తకమున వ్రాసిపెట్టుడు. ఏడాదికి ఇరువదినాలుగు పెట్టెలు దిగును. అటకకు గాలి వచ్చును. ఇల్లు అమ్మినను అమ్మకున్నను, మీకు రాత్రి నిద్ర పట్టును, మీ బిడ్డలకు కలహము తప్పును.

ఇక విడుచు దినమున ఇల్లు ఊడ్చి, గడపకు పసుపు వ్రాసి, దేవుని గదిలో ఒక దీపము వెలిగించి, కొనినవారు చల్లగా ఉండవలెనని మనసార కోరి, తాళపుచెవులు వారి చేతికి ఇండు.

స్వస్తి.