సహన అని పేరు పెడితే...



ఈవేళ ఒక పేరు గురించి మాట్లాడుకుందాం. మన నిజామాబాదులో, బోధనులో ఇప్పుడు ఆడపిల్లను తొట్లెలో వేసేనాడు వినిపించే కొత్త పేర్లలో ‘సహన’ ఒకటి. మూడే అక్షరాలు, పిలవడానికి తేలిక, అర్థమూ మంచిదే. కాని ఇంట్లో పెద్దవాళ్ళకు రుచించదు. “దేవుడి పేరు కాదు, నాయనమ్మ పేరూ కాదు, ఇదేం పేరమ్మా?” అంటారు.

వాళ్ళ మాటలోనూ న్యాయముంది. మన జిల్లాలో పాత పేర్లు గంగవ్వ, లింగవ్వ, ఎల్లవ్వ, పోశవ్వ. మశూచి ఊళ్ళమీద పడే రోజుల్లో పోచమ్మ తల్లి చల్లగా చూడాలని ఆమె పేరు పెట్టుకున్నారు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, బిడ్డను పెంటమీద ఉంచి తీసి పెంటయ్య, పెంటమ్మ అన్నారు. అవన్నీ “నా బిడ్డను బతకనీ తల్లీ” అన్న మొక్కులు. తర్వాత టీకాలు వచ్చాయి, ఆసుపత్రి కాన్పులు వచ్చాయి. మశూచి లోకంలోనే లేదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. బిడ్డ బతుకుతుందన్న ధైర్యం కలిగాక, ఎలా బతకాలో పేరులో చెప్పుకుంటున్నాం. శాంతి, కరుణ, సహన – అన్నీ ఆ వరుసవే.

అయితే ఒక్క సంగతి ఆలోచించండి. కొడుక్కి విజయ్ అనీ, కూతురికి సహన అనీ పెడితే ఆ పిల్ల ఏమనుకుంటుంది? వాడు గెలవాలి, నేను ఓర్చుకోవాలి అనుకోదూ? రేపు అత్తవారింట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటే, “పేరుకు తగ్గట్టు ఉండమ్మా” అని మనమే అంటామేమో!

అసలు ఆ మాటకు అర్థం అంతేనా? సంస్కృతంలో ‘సహ్’ ధాతువుకు ఓర్చుకోవడమనే కాదు, ఎదిరించి గెలవడమనీ అర్థముంది. ‘సహస్’ అంటే బలం. సాహసం అన్న మాట అక్కణ్ణుంచే వచ్చింది. అంటే సహనమూ, సాహసమూ ఒక్క ఇంటి ఆడపడుచులే నన్నమాట!

‘ఓర్చినమ్మకు తేటనీరు’ అని మన సామెత. మంజీర ఇసుకలో చెలమ తీస్తే ముందు ఊరేది మడ్డినీళ్ళే. కాస్త ఆగితే తేరుకుంటాయి. నిజమే, కాని ఆ చెలమ తీసిందెవరు? ఆ అమ్మే కదా! ఊరికే కూర్చున్న వాళ్ళకు తేటనీళ్ళు ఎక్కడివి?

అందుచేత సహన అని నిక్షేపంగా పెట్టుకోండి. తొందరేమీ లేదు. పుట్టుక మాత్రం 21 రోజుల్లో రాయించాలి. పేరు కుదరకపోతే ఏడాదిలోగా రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. నాయనమ్మ ముచ్చట తీరేలా ఇంట్లో గంగవ్వా అని పిలుచుకోండి, ఎవరొద్దన్నారు?

బిడ్డకు బుద్ధి తెలిశాక మాత్రం రెండర్థాలూ చెప్పండి. “దెబ్బలు పడి ఉండమని కాదమ్మా, కష్టమొస్తే కాళ్ళమీద నిలబడమని నీకీ పేరు పెట్టాం” అనండి. పక్కనే ఉన్న కొడుకునూ కూర్చోబెట్టి వినిపించండి. ఓర్పు వాడికీ కావలసిందే.