పుట్టుకయే నేరమగునా?

(పెదపారుపూడి పఠనమందిర ప్రసంగపాఠము)



ఊరిలో ఒక యింట దొంగతనము జరిగినదనుకొందము. తెల్లవారగానే మన చూపు ఎచ్చటికి పోవును? ఊరిబయట గుడిసె వేసికొన్న వారిమీదికి. బుట్టలల్లువానిని, ఎఱుక చెప్పుదానిని నిలదీయుదుము, మేడలోనివారిని అడుగము. సాక్ష్యము దొరకకమునుపే మన మనస్సు తీర్పు చెప్పివేయును. నేడు మీ యెదుట ఈ యలవాటును గురించియే మాటలాడదలచితిమి.

దీనిని శాసనముగా మార్చినది ఆంగ్లప్రభుత్వము. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911 నాటి క్రొత్త చట్టముతో మదరాసు రాజధానికిని వ్యాపించెను. నేరము చేసినవానిని విచారించుటకు మారుగా కులమునకు కులమునే పట్టికలో వ్రాసికొని, వ్రేలిముద్రలు తీసికొని, అనుమతి లేక ఊరు కదలరాదని కట్టడి చేయు అధికారము దానివలన సర్కారుకు వచ్చెను.

ఇది మనకు దూరపు కథ కాదు. ఎఱుకలవారు ఒకప్పుడు పశువులమీద ఉప్పు నెక్కించి, తీరమునుండి లోనాడులకు తోలుకొనిపోయి, ధాన్యమునకు మారకము చేసిన వర్తకులు. ఉప్పుపై సర్కారు గుత్తాధిపత్యమును, ఆపై రైలుబండియు ఆ బేరమును చంపినవి. బ్రతుకుతెరువు పోయి తిరుగాడువాడు పాలకుల కంటికి దొంగయయ్యెను. 1913లో బాపట్ల చేరువను స్టూవర్టుపురము వెలసెను. సాల్వేషన్ ఆర్మీ దానిని నడపెను.

వారిలో దొంగలు లేరా యని మీరడుగవచ్చును. ఉండిరి. ఇల్లు గుల్లయైనవాని దుఃఖము చిన్నది కాదు; దోషిని శిక్షింపవలదని మేమనుట లేదు. కాని తండ్రి చేసినదానికి ఉయ్యాలలోని బిడ్డను దొంగయని పిలుచుట ఏ ధర్మము? ఆ పేరు విన్నవాడు పని ఈయడు. పని లేనివాడు పేరును నిజము చేయును. ఒకనిని సంఘము చూచు చూపు వాని నడతనే మార్చునని అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు హోవర్డ్ బెకర్ 1963 నాటి తన గ్రంథమున విశదపరచెను. మన యెఱుకలవారు దానిని అంతకు ముందే అనుభవించి యుండిరి.

మదరాసులో ఆ చట్టము 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31న‌ను రద్దయ్యెను. చట్టము పోయెను; పేరు పోలేదు. స్టూవర్టుపురమనగానే జనులు ఇంకను తలుపులు మూసికొనుచుండిరి. అట్టి తరుణమున, 1970వ దశకములో, లవణము హేమలతా దంపతులు అచ్చటికి పోయిరి. లవణము తండ్రి గోరా మన జిల్లాలోని ముదునూరున 1940లో నాస్తిక కేంద్రమును స్థాపించినవాడు. హేమలత మహాకవి జాషువ కుమార్తె. దొంగలని పేరుపడినవారి నడుమ మెలగి, బిడ్డల చదువునకు, పెద్దల జీవనోపాధికి వారు పాటుపడిరి. లాఠీ సాధింపలేనిది పొరుగువాని నమ్మకము సాధింపగలదని వారి నమ్మిక.

కావున మిత్రులారా! నేరమునకు శిక్ష విధించుట న్యాయస్థానము పని. శిక్ష ముగిసినవానికి కూలి ఇచ్చుట, వాని బిడ్డను మన బిడ్డ ప్రక్కను బడిలో కూర్చుండబెట్టుట మన పని. ఆ జాతులకు విముక్తజాతులని పేరిడితిమి. ఇక ఊరిలో దొంగతనము జరిగిన నాడు, సాక్ష్యము దొరకువరకు ఎవ్వరి గుడిసె వైపునకును వ్రేలు చూపమని మనలో ప్రతివాడును నేడే నిశ్చయించుకొనును గాక!