అనుచితాజ్ఞను కాదన్న ఉద్యోగికి అండ
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పాఠశాలలో చదివిన పిల్లలలో పలువురు ప్రభుత్వపు కొలువున చేరుచుందురు. ఉద్యోగము వచ్చిననాడు ఇంటింట పండుగ చేసికొందుము. పైయధికారి ధర్మవిరుద్ధమైన కాగితముపై సంతకము చేయుమన్ననాడు ఆ బిడ్డకు అండ యెవరు? ఈ ప్రశ్ననే నేడు మీ ముందుంచుచున్నాము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. నచ్చని ఆజ్ఞయెల్ల అనుచితము గాదు. విధాన విషయమున అభిప్రాయభేదమున్నచో ఉద్యోగి దానిని దస్త్రములో వ్రాసి, పిదప ఆజ్ఞను నెరవేర్పవలెను. లెక్కలు మార్చుమనుట, అర్హుని పేరు కొట్టివేయుమనుట అనుచితాజ్ఞలు. తన అభిప్రాయమునకు విరుద్ధముగ వ్రాయు స్వేచ్ఛను తన కార్యదర్శులకు ఒసగితినని సర్దార్ పటేల్ 1949 అక్టోబరులో రాజ్యాంగ పరిషత్తునందు చెప్పిరి.

అనుచితాజ్ఞలు తరచు నోటిమాటగనే వచ్చును. కాగితముపై పెట్టుటకు ఆజ్ఞాపించువాడే జంకును. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తన నియమముల ప్రకారము, పైయధికారి ఆదేశము సామాన్యముగా లిఖితరూపమున ఉండవలెను. నోటిమాట తప్పనిసరియైనచో వెంటనే వ్రాతమూలమున ధ్రువపరుపవలెను. అట్టి ధ్రువీకరణమును కోరుట అవిధేయత గాదు, ఉద్యోగి విధియే.

అభియోగములు తెలిపి, విచారణ జరిపి, సమాధానము చెప్పుకొను అవకాశము ఒసగక ఉద్యోగిని తొలగించుటకుగాని, హోదా తగ్గించుటకుగాని సామాన్యముగా వీలులేదని రాజ్యాంగము 311వ అధికరణమున శాసించినది. కాని బదిలీ ఈ రక్షణలో చేరదు. కక్ష తీర్చుకొనువారి చేతి ఆయుధము అదియే. మనవంటి వారికి ఆ దెబ్బ రెట్టింపు. తండ్రిని తెలుగు బడి లేని ఊరికి పంపినచో బిడ్డకు మాతృభాషలో చదువు నడుమనే ఆగిపోవును. శిక్ష తండ్రికి, నష్టము బిడ్డకు.

మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్, మరికొందరు విశ్రాంతాధికారులు వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 31న తీర్పు చెప్పినది. నోటి ఆదేశములను నమోదు చేయవలెననియు, బదిలీల విషయమున సలహా చెప్పుటకు సివిల్ సర్వీసెస్ బోర్డులను నెలకొల్పవలెననియు, అధికారులకు కనీస పదవీకాలము నిర్ణయింపవలెననియు ఆదేశించినది. అయినను తీర్పు దస్త్రములో నిద్రించినచో ఎవరికిని ఫలము లేదు. దానిని మేలుకొలుపవలసినది ప్రజాభిప్రాయమే.

ఇది ఉద్యోగుల గొడవ, మనకేల యని తలంపరాదు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని 350ఎ అధికరణము చెప్పుచున్నది. మన పిల్లల సంఖ్యను తగ్గించి చూపుమని ఎవరైన ఆజ్ఞాపించినచో, కాదనగల గుమాస్తా ఒక్కడున్ననే ఆ అధికరణము మనకు అక్కరకు వచ్చును. అతనిని కాపాడుకొనుట మన బడిని కాపాడుకొనుటయే.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము: న్యాయమునకు నిలిచి బదిలీయైన వానిని "నీకేల ఈ తగవు?" అని దెప్పకుడు. ఆజ్ఞ వచ్చిన తేదీని, తానిచ్చిన సమాధానమును వ్రాసి భద్రపరచుకొనుమని చెప్పుడు. అట్టి కుటుంబము ఏ ఊరినుండి ఈ ఊరికి వచ్చినను, సంవత్సరము నడుమనైనను, వారి పిల్లలకు మన పాఠశాలలో చోటు కల్పింతము. అందుకు మీ సమ్మతిని కోరుచున్నాము.