బొమ్మ విమానపు పొరమీది ముడుతలు



నేటి నా ప్రసంగమునకు విషయము చిన్నది. బాలురు తేలిక కర్రపుల్లలతో కట్టు బొమ్మ విమానముపై పలుచని పొర నొకదానిని కప్పుదురు. కొన్నాళ్లకు ఆ పొర ముడుతలు పడును. వానిని సరిచేయు విధమును మనవి చేసెదను. ఇది పిల్లల ఆట గదా, పెద్దలకేల యని కొందరికి తోచవచ్చును. కాని ఎన్.సి.సి. వాయుశాఖలో చేరిన విద్యార్థులు ఈ పనిని విద్యగనే అభ్యసింతురు. సెలవులకు వచ్చిన మనుమడు ఇస్త్రీపెట్టె చేతబట్టి రెక్క ముందు కూర్చుండినపుడు, ఆ పనిలోని మర్మమెరిగిన పెద్దవాడొకడు చెంతనుండుట మేలు. నెలల తరబడి కట్టిన రెక్క ఒక్క గడియలో మెలికపడి చెడుట కలదు.

నిజమునకు మనుష్యుని మోయు విమానముకంటె బొమ్మ విమానమే ముందు పుట్టినది. 1871లో ఆల్ఫోన్స్ పెనో అను ఫ్రెంచివాడు పారిసు నగరపు తోటలో, రబ్బరు పురిచే తిరుగు పంకాగల చిన్న విమానమును 11 సెకనులు ఎగురవేసెను. రైటు సోదరులు 1903లో ఎగిరిన విమానపు రెక్కలకు కప్పినది సామాన్యమైన నూలుగుడ్డయే. బొమ్మ విమానములకు చిరకాలము పలుచని కాగితమంటించి, ఆరినకొలది బిగియు వార్నీషువంటి ద్రవమును పూయుచుండిరి. ఆ ద్రవము సులభముగ నిప్పంటుకొనునది. 1941లో ఇంగ్లండునందు పాలియెస్టర్ నూలు కనుగొనబడెను. ఆ జాతి పదార్థముతో చేసిన పలుచని పొరలు, వెనుక జిగురు పూతతో, 1960 తరువాతి దశాబ్దములో బొమ్మ విమానములకు వచ్చినవి.

ఈ పొర వేడికి బిగియును. డప్పు వాయించువారు ముందుగా దానిని మంటకు కాచుట మీరెరుగుదురు. తోలులోని చెమ్మ పోయి డప్పు బిగియును. కమ్మరి ఎర్రగా కాల్చి బండిచక్రమునకు తొడిగిన ఇనుప పట్టా చల్లారినపుడు బిగియును. మన పొర ఈ రెంటికిని భిన్నమైనది. దానిని చేయునపుడే వేడిలో నిలువునను అడ్డముగను సాగదీసి, సాగియుండగనే చల్లార్తురు. మరల వేడి తగిలినచో అది తన పూర్వస్థితికి మరలబోవును. ఆ ముడుచుకొనుటయే మనకు కావలసిన బిగువు.

మరి ముడుతలేల వచ్చును? వానకారు చెమ్మకు కర్ర ఉబ్బి, ఎండకారున తగ్గును, పొర వదులగును. ఎండలో నుంచిన విమానపు ముదురురంగు పొర వేడెక్కి మరింత సడలును. అంచులయందు జిగురు పట్టు విడిచినను ముడుత పుట్టును. కావున ముందుగా అంచులను పరీక్షింపవలెను. అంచు ఊడియుండగా నడుమ వేడి చేసినచో, బిగియు పొర అంచును మరింత లాగివేయును.

జిగురు పట్టుటకు సుమారు 100 డిగ్రీలు దాటిన వేడియు, పొర బిగియుటకు 150 డిగ్రీల దరిదాపు వేడియు కావలెను. రకమునుబట్టి భేదముండును గనుక పొరచుట్టతో వచ్చిన కాగితమందలి అంకెలే ప్రమాణము. మొదట తునక ముక్కపై వేడిని పరీక్షించుడు. ఇస్త్రీపెట్టెకు మెత్తని నూలుగుడ్డ చుట్టినచో గీతలు పడవు. తక్కువ వేడితో అంచులన్నియు అంటించి, పిమ్మట వేడి పెంచి పుల్లల నడిమి ఖాళీలపై పెట్టెను ఆపక కదల్పవలెను. ఒకేచోట నిలిపినచో పొరకు చిల్లి పడును. పొర నలుప్రక్కల మూసియున్నయెడల లోని గాలి వేడికి ఉబ్బును; కనబడని అడుగువైపున సూదితో చిన్న రంధ్రము చేయుడు. కర్రపలకపై బుడగ లేచినచో సూదితో పొడిచి, వేడిచేసి, వెంటనే చల్లని గుడ్డతో అదిమిపట్టవలెను. థర్మోకోలు రెక్క 100 డిగ్రీల దగ్గరనే మెత్తబడి కుంగును. దానికి తక్కువ వేడితో బిగియు పొర వేరుగ గలదు.

ఇక ముఖ్యవిషయము. ముడుత కంటికి వికారమే గాని, మెలిక విమానమునకు ప్రాణాంతకము. పైభాగమునే అదేపనిగ వేడిచేసినచో బిగువు ఒకవైపే పెరిగి రెక్క మెలితిరుగును. అట్టి విమానము ఒక ప్రక్కకు ఒరగి, వేగము తగ్గినపుడు గింగిరాలు తిరుగుచు కూలును. తిరుగు పంకాతో జనులపై పడినచో గాయమగును. కావున పైనకొంత, క్రిందకొంత మార్చిమార్చి వేడి చేయవలెను. పని ముగిసిన పిదప రెక్కను చదునైన బల్లపై నుంచి, వెనుకనుండి ఒకకన్ను మూసి, వడ్రంగి దూలమును చూచినట్లు చూడవలెను. మెలిక కనబడినచో ఒకరు రెక్కను దానికి ఎదురుగ కొంచె మధికముగ త్రిప్పిపట్టగా, మరియొకరు రెండువైపులను వేడిచేసి, చల్లారువరకు అట్లే పట్టుకొనవలెను. రెక్కకొనల వెనుకటి అంచు కొంచెము పైకెత్తియుండుట కొన్ని విమానములకు ఉద్దేశపూర్వకముగ చేసినదే. పటము చూడక దానిని సరిచేయబోకుడు.

ఈ పనికి రెండు జతల చేతులు కావలెనంటిని. ఆ రెండవ జత తాతదైనచో నా ప్రసంగము సార్థకమే. వేడి మితముగను ఓర్పు అమితముగను ఉండవలెనని పిల్లవానికి చెప్పువారు చెంతనుండినచో, ఆ రెక్క తిన్నగ ఎగురును.